కేబీఆర్ పార్కు మీద తిరిగిన పెద్ద పక్షి: గద్దా, రాబందా, ఈగిలా?

మీరు రాసింది ఇదీ: డిసెంబరు చివరి వారంలో ఉదయం పది దాటాక కేబీఆర్ పార్కులో నడుస్తుంటే, పైన ఒక పెద్ద పక్షి రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ కనిపించింది. తోక చివర చీలిక లేదు, తోక మీద అడ్డంగా నల్ల పట్టీలున్నాయి. తల మాత్రం ఒంటికి తగ్గట్టు లేదు, పావురం తల తెచ్చి పెట్టినట్టు చిన్నగా ముందుకు చాచుకుని ఉంది. కాసేపు ఒక కాకి దాని వెంట పడింది. మీ నాన్నగారు గద్ద అన్నారు, పక్కన నడుస్తున్న పెద్దాయన రాబందు అన్నారు, ఫోన్‌లో యాప్ ఈగిల్ అని చూపించింది. మీరు పెట్టిన ఫోటోలో నల్లటి ఆకారం తప్ప ఇంకేమీ తెలియడం లేదు. మీ అపార్ట్‌మెంట్ సజ్జా కింద తేనెపట్టు ఉందని, ఈ పక్షి దాని మీద వాలితే ఎవరికైనా హాని ఉంటుందా అని కూడా చివర్లో అడిగారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. అది తేనె గద్ద అయి ఉండాలి. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఓరియంటల్ హనీ బజర్డ్ అని ఉంటుంది. ఫోటో చూసి చెప్పడం లేదు, మీరు మాటల్లో రాసినదాన్ని బట్టి చెబుతున్నాను. చిన్న తల, సన్నటి పొడుగు మెడ, చీలిక లేని పట్టీల తోక, ఈ మూడూ ఒకే పక్షిలో కలిసి కనిపించాయంటే హైదరాబాద్ ఆకాశంలో నాకు ఇంకో పేరు తట్టదు. మీరు ఆ క్షణంలో తల ఎలా ఉందో గమనించడం చాలా మంచి పని. చాలామంది రంగు చూస్తారు, సైజు చూస్తారు, తల చూడరు.

అయితే పేరు తెలిసినంత మాత్రాన వచ్చే ఏడాది ఇంకో పక్షి కనిపిస్తే మళ్లీ అడగాల్సి వస్తుంది. అందుకని ఈ పేరు దాకా ఎలా వచ్చానో కాస్త వివరంగా రాస్తాను.

హైదరాబాద్‌లో పైన తిరిగే పెద్ద పక్షి ఏదైనా, ముందు గద్ద అనుకునే మొదలుపెట్టాలి. బ్లాక్ కైట్ అనే ఈ మామూలు గద్ద మన ఊళ్లో ఎక్కడ తలెత్తినా ఉంటుంది. హుస్సేన్ సాగర్ మీద, మాంసం దుకాణాల దగ్గర, సెల్ టవర్ల మీద, జవహర్‌నగర్ చెత్త గుట్టల పైన. కాబట్టి మీ నాన్నగారు చెప్పింది తీసిపారేసే మాట కాదు. పది సార్లు అడిగితే తొమ్మిది సార్లు అదే సరైన సమాధానం. అసలు చేయాల్సిన పని ఏంటంటే, ఆ గద్దను ఎంత బాగా తెలుసుకోవాలంటే, అది కానిది ఏదైనా వస్తే చూడగానే ‘ఇందులో ఏదో తేడా ఉంది’ అని కన్ను పట్టేయాలి. మీకు జరిగింది కూడా అదే. మీకు గద్ద బాగా అలవాటు, అందుకే ఇది వేరేగా అనిపించింది.

గద్దలో చూడాల్సింది తోక. తోక ముడుచుకుని ఎగిరేటప్పుడు చివర మధ్యలో లోపలికి నొక్కుకుని, చేప తోకలా కొద్దిగా చీలి ఉంటుంది. ఇక్కడే ఒక చిక్కుంది. గద్ద గుండ్రంగా తిరిగేటప్పుడు తోకను బాగా విప్పుతుంది. అప్పుడు ఆ చీలిక మాయమై, చివర దాదాపు తిన్నగా గీత గీసినట్టు అవుతుంది. అప్పుడు కూడా రెండు అంచుల మూలలు కోసుగానే ఉంటాయి, గుండ్రంగా కావు. పిల్ల గద్దల్లో చీలిక ఇంకా తక్కువ. ఈకలు రాల్చుకుని కొత్తవి తెచ్చుకునే రోజుల్లో తోకలో ఒకటి రెండు ఈకలు లేకపోతే ఆకారమే మారిపోతుంది. సంక్రాంతి తర్వాత అయితే మాంజా తగిలి రెక్క ఈకలు, తోక ఈకలు తెగిన గద్దలు చాలా కనిపిస్తాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, అయినా జనవరిలో చెట్లకు వేలాడుతూనే ఉంటుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే తోకలో చీలిక లేదన్న ఒక్క ముక్క పట్టుకుని గద్ద కాదని తేల్చేయకండి. కనీసం రెండు మూడు చుట్లు తిరిగే దాకా చూడాలి. తోక విప్పినప్పుడు, ముడిచినప్పుడు, రెండు రకాలుగానూ కనిపించాలి.

తోక ఆకారం కన్నా దాని కదలిక ఇంకా నమ్మకమైన గుర్తు. గద్ద ఎగిరేటప్పుడు తోకను ఒక పక్కకు, మళ్లీ ఇంకో పక్కకు మెలి తిప్పుతూనే ఉంటుంది. ఒక్క క్షణం ఊరుకోదు. రెక్కలు కూడా పూర్తిగా తిన్నగా చాపదు. మణికట్టు దగ్గర కొంచెం వంచి, కొసలు కిందికి వాలినట్టు పెడుతుంది. తేనె గద్ద అలా కాదు. గుండ్రంగా తిరిగేటప్పుడు వెడల్పాటి రెక్కల్ని బల్లపరుపుగా చాచి, తోకను విప్పి, అలాగే ఉంచి నింపాదిగా తిరుగుతుంది. మీరు ‘రెక్కలు ఆడించకుండా, ఎటూ ఊగకుండా’ అని రాశారు కదా, నా అంచనాకు అది కూడా బలం.

ఇప్పుడు సైజు సంగతి. ‘చాలా పెద్ద పక్షి’ అని మీరు రెండుసార్లు రాశారు. నేనైతే దాన్ని పక్కన పెట్టేస్తాను. ఖాళీ ఆకాశంలో పక్షి ఎంత ఎత్తులో ఉందో మనకు తెలియదు. ఎత్తు తెలియకపోతే సైజు ఎవరికీ తెలియదు. తక్కువ ఎత్తులో తిరిగే గద్ద కూడా ఈగిల్ అంత కనిపిస్తుంది. గద్ద రెక్కలు చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది, తేనె గద్ద కూడా అటూ ఇటూగా అంతే. కాబట్టి ఈ రెండింటినీ సైజుతో విడదీయలేం.

కానీ మీ కథలో కాకి ఉంది! సైజుకు సంబంధించి మీరు ఇచ్చిన అసలైన సాక్ష్యం అదే. మన ఊరి కాకి ముక్కు కొస నుంచి తోక కొస దాకా సుమారు 40 సెంటీమీటర్లు. గద్ద 60 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కాకి వెంటపడినప్పుడు రెండూ ఒకే ఎత్తులో పక్కపక్కన ఉంటాయి కాబట్టి, దాని కన్నా ఎంత పెద్దదో కళ్లతో కొలవచ్చు. కాకి కన్నా చిన్నదైతే అది డేగ జాతి, మన దగ్గర ఎక్కువగా షిక్రా. కాకికి ఒకటిన్నర రెట్లు ఉంటే గద్ద, తేనె గద్ద, బూటెడ్ ఈగిల్ లాంటివి. కాకి దాని ముందు ఈగలా కనిపిస్తే అప్పుడు నిజంగా పెద్ద ఈగిల్ గురించో, రాబందు గురించో ఆలోచించవచ్చు. మీరు కాకి గురించి ‘దానికి సగం పైనే ఉంది’ అని రాశారు. ఆ ఒక్క మాటతో రాబందు పోయింది, పెద్ద ఈగిళ్లు కూడా పోయాయి.

ఇక రంగు. మీ యాప్ తికమకపడింది ఇక్కడే అనుకుంటున్నాను. మీరు ‘కింద లేత రంగు’ అని నింపితే అది లేత రంగు ఈగిల్ చూపించి ఉంటుంది. తేనె గద్దల విషయంలో రంగును అసలు నమ్మకూడదు. ఒకటి దాదాపు తెల్లగా ఉంటుంది, ఒకటి ఇటుక రంగులో, ఇంకొకటి ముదురు గోధుమ రంగులో ఉంటుంది. అన్నీ ఒకే జాతి. పొట్ట మీద కొన్నింటికి అడ్డ గీతలు, కొన్నింటికి నిలువు గీతలు, కొన్నింటికి ఏమీ ఉండవు. రంగు ఎంత మారినా మారనివి తల, మెడ, రెక్కల వెడల్పు, తోక పట్టీలు. అందుకే నేను ఎప్పుడూ ఆకారం ముందు, కదలిక తర్వాత, రంగు ఆఖర్న అంటాను. పైగా కింద నుంచి చూస్తున్నప్పుడు వెనక ఆకాశం వెలుతురు ఉంటుంది, ఏ పక్షి పొట్ట అయినా నల్లగానే కనిపిస్తుంది. ఎండ పడిన నేల నుంచి వెలుగు పైకి కొడితే మళ్లీ అదే పక్షి తెల్లగా మెరుస్తుంది.

తల చిన్నగా ఎందుకుంటుందో తెలిస్తే ఇక మర్చిపోరు. ఈ పక్షి తిండి కందిరీగల పట్లు, తేనెపట్లు. తేనె కన్నా ఎక్కువగా పట్టులో ఉండే పిల్ల పురుగుల కోసమే వెళ్తుంది. పట్టు మీద వాలి, ముక్కుతో గదులు తవ్వి లోపలి పురుగుల్ని లాగి తింటుంది. దానికి ఈగిల్‌కి ఉన్నట్టు పెద్ద తల, బలమైన వంపు ముక్కు అక్కర్లేదు. సన్నటి ముక్కు, లోపలికి దూరేంత చిన్న తల, చాచడానికి మెడ ఉంటే చాలు. ముఖం మీద, కళ్ల చుట్టూ ఈకలు పొలుసుల్లా గట్టిగా, దగ్గర దగ్గరగా ఉంటాయి, కుట్టకుండా అవే కాపాడతాయి. దూరం నుంచి మీకు ‘పావురం తల’ అనిపించింది ఈ తిండి అలవాటు వల్లే.

హైదరాబాద్‌లో దానికి తిండి ఎక్కడిదని అడగొచ్చు. పెద్ద తేనెటీగలు కట్టే అరచంద్రాకారపు పట్లు చూసే ఉంటారు. ఎత్తైన అపార్ట్‌మెంట్ల సజ్జాల కింద, నీళ్ల ట్యాంకుల కింద, ఫ్లైఓవర్ల అడుగున, పెద్ద చెట్ల కొమ్మలకు వేలాడుతూ ఉంటాయి. కేబీఆర్ లాంటి నాలుగు వందల ఎకరాలకు దగ్గరగా ఉన్న చెట్ల తోపు నడి ఊళ్లో ఉండి, చుట్టూ ఎత్తైన భవనాలు ఉంటే తేనె గద్దకు అంతకన్నా ఏం కావాలి? మన దేశంలో ఏడాది పొడవునా ఉండేవీ ఉన్నాయి, చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చేవీ ఉన్నాయి. కాబట్టి డిసెంబరులో కనిపించడం ఏమీ వింత కాదు.

యాప్ చెప్పిన ఈగిల్ గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. చలికాలంలో హైదరాబాద్‌కు బూటెడ్ ఈగిల్ వస్తుంది, అది గద్ద అంతే ఉంటుంది. అందులో రెండు రకాలు. ఒకటి కింద నుంచి తెల్లగా, రెక్కల వెనక సగం నల్లగా ఉంటుంది, దాన్ని గుర్తుపట్టడం తేలిక. రెండోది మొత్తం ముదురు రంగు, అచ్చం గద్దలాగే ఉంటుంది కాబట్టి చాలామంది చూసి కూడా వదిలేస్తారు. రెండింటికీ ఒక మంచి గుర్తుంది. పక్షి ఎదురుగా మన వైపు వస్తున్నప్పుడు మెడకు రెండు పక్కలా, రెక్క మొదలయ్యే చోట రెండు తెల్ల చుక్కలు లైట్లు వేసినట్టు మెరుస్తాయి. బూటెడ్ ఈగిల్ తోక మీద కింద నుంచి చూస్తే స్పష్టమైన పట్టీలు ఉండవు. మీరు పట్టీలు చూశారు. తల కూడా చిన్నగా చూశారు. ఈ రెండూ దానికి సరిపోవు.

రెక్కల కొసన వేళ్లలా విడిపోయే ఈకలు లెక్కపెట్టమని కొందరు మీకు చెప్పవచ్చు. మంచి సలహానే, కానీ ఇక్కడ పనికిరాదు. గద్దకూ ఆరే, తేనె గద్దకూ ఆరే. ఆ లెక్క పనికొచ్చేది వేరే చోట: కొసలు వేళ్లలా విడిపోకుండా కోసుగా, కొడవలిలా ఉంటే అది భైరి డేగ లాంటి ఫాల్కన్. చలికాలంలో ఎత్తైన భవనాల మీద అదీ కనిపిస్తుంది.

రాబందు అన్న పెద్దాయన మీద నాకు గౌరవమే. ఆయన వయసు వాళ్లు చిన్నప్పుడు ఊరి చివర పశువుల కళేబరాల దగ్గర రాబందుల్ని గుంపులుగా చూసినవాళ్లు. పెద్ద పక్షి గుండ్రంగా తిరిగితే వాళ్లకు అదే గుర్తొస్తుంది. కానీ 1990ల నుంచి ఆ పక్షులు దేశమంతా కుప్పకూలిపోయాయి. పశువులకు నొప్పుల కోసం ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడుచేసిందని తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. తెలంగాణలో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టిన చోటు అంటే ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట పేరే ముందు చెప్పుకోవాలి. జూబ్లీహిల్స్ మీద నిజంగా రాబందు ఎగిరితే అది పెద్ద వార్త. రాబందు రెక్కలు తలుపు చెక్కల్లా పొడుగ్గా, వెడల్పుగా ఉంటాయి, తోక పొట్టి, తల రెక్కల ముందుకు దాదాపు కనిపించదు. మీ పక్షికి తల ముందుకు చాచుకుని ఉంది, తోక పొడుగు. పూర్తిగా ఉల్టా.

ఒక ముఖ్యమైన సంగతి మర్చిపోయేవాణ్ని. పైన తిరిగేవన్నీ వేటపక్షులు కావు. చెరువులున్న ఊరు కదా మనది. నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు కూడా ఎండెక్కాక వేడిగాలి పట్టుకుని గుంపుగా చాలా ఎత్తులో గిర్రున తిరుగుతాయి. అమీన్‌పూర్, గండిపేట వైపు ఉండేవాళ్లు వీటిని తరచూ ఈగిళ్లు అనుకుంటారు. వీటికి మెడ ముందుకు పొడుగ్గా, కాళ్లు తోక దాటి వెనక్కి కర్రల్లా కనిపిస్తాయి. తోక వెనక కాళ్లు కనిపించాయంటే గద్దల పేజీ మూసేసి కొంగల పేజీ తెరవండి.

మీకు కనిపించిన సమయం కూడా సరిగ్గా కుదిరింది. చలికాలంలో పొద్దున్నే మంచు, చల్లగాలి ఉంటుంది, బరువైన పక్షులు చెట్ల మీదే కూర్చుంటాయి. తొమ్మిదిన్నర, పదికి కేబీఆర్‌లోని రాతి గుండ్లు, చుట్టూ ఉన్న కాంక్రీటు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. ఆ గాలి మీద రెక్కలు ఆడించకుండా పైకి తేలిపోవచ్చు. ఆరింటికి నడకకు వెళ్లి ఏమీ కనిపించలేదని వచ్చేసేవాళ్లు ఒక్క ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఉండి చూడండి, తేడా తెలుస్తుంది. నడుస్తూ కాకుండా చెట్లు అడ్డం లేని ఒక చోట నిలబడి చూడాలి.

ఫోటో గురించి: ఫోన్‌తో తీస్తే నల్లటి ఆకారమే వస్తుంది, ఎందుకంటే ఫోన్ ఆకాశం వెలుతురుకు సెట్ అవుతుంది. తెర మీద పక్షిని తాకి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మను పైకి జరపండి. ఆకాశం పాలిపోయి తెల్లగా అయిపోతుంది, అయినా పర్వాలేదు, పక్షి పొట్ట కనిపిస్తుంది. ఫోటో కన్నా వీడియో ఇంకా మేలు. తోక మెలి తిప్పుతోందా లేదా అన్నది వీడియోలోనే తెలుస్తుంది, తర్వాత ఒక్కో ఫ్రేమ్ ఆపి తోక విప్పిన క్షణం, ముడిచిన క్షణం రెండూ చూసుకోవచ్చు. తీసిన నల్ల ఫోటోలను కూడా పారేయకండి. ఆకారం చాలాసార్లు రంగు కన్నా ఎక్కువ చెబుతుంది. మీ ఫోటోను ఇంకా పెద్ద సైజులో, ఎడిట్ చేయకుండా పెడితే మెడ పొడవు కొలవడానికి నేనూ ప్రయత్నిస్తాను.

యాప్ వాడొద్దని అనను. మెర్లిన్ నేనూ వాడతాను. కానీ అది పక్షి పేరు చెప్పదు, మీరు ఇచ్చిన వివరాలకు దగ్గరగా ఉన్న జాబితా ఇస్తుంది. అందులో మొదటి పేరు పట్టుకుని ఆగిపోకుండా, ఒక్కో పేరుకూ మీరు చూసిన దాంట్లో ఏది సరిపోలేదో వెతకండి. ఫోన్ తీసే ముందు, పక్షి వెళ్లిపోగానే, చూసింది చూసినట్టు ఒక కాగితం మీద నాలుగు గీతలతో గీసుకోండి. బొమ్మ బాగా రానక్కర్లేదు. తల ఎంత, తోక ఎంత, రెక్క వెడల్పు ఎంత, అంతే. యాప్‌లో బొమ్మలు చూశాక మన జ్ఞాపకం ఆ బొమ్మల వైపు జరిగిపోతుంది, అది అందరికీ జరిగేదే.

అదే పక్షి మళ్లీ కనిపించే అవకాశం బాగానే ఉంది. దగ్గర్లో పట్లు ఉంటే అది ఆ చుట్టుపక్కలకే వస్తుంటుంది. ఈసారి తోక పట్టీలు జాగ్రత్తగా చూడండి. మగదానికి తోకలో రెండు వెడల్పాటి నల్ల పట్టీలు, మధ్యలో వెడల్పాటి లేత పట్టీ ఉంటాయి. ఆడదానికి పట్టీలు సన్నగా ఉంటాయి. దగ్గర్లో కొమ్మ మీద వాలితే కన్ను చూడండి: మగదానికి ముదురు రంగు, ఆడదానికి పసుపు. అప్పుడప్పుడు పైన ఎగురుతూనే రెండు రెక్కల్నీ వీపు మీదికి ఎత్తి, దాదాపు తాకించి టపటపా వణికిస్తుంది. అది చూశారంటే ఇక పేరు గురించి ఎవరితోనూ వాదించక్కర్లేదు.

చివర్లో మీరు అడిగిన దానికి: మీ అపార్ట్‌మెంట్ ఎనిమిదో అంతస్తు సజ్జా కింద ఉన్న పట్టు మీద ఇది వాలితే పక్షి వల్ల ఎవరికీ హాని లేదు. పిల్లల జోలికి, పెంపుడు జంతువుల జోలికి రాదు. భయపడాల్సింది తేనెటీగలకు. పట్టు కదిలితే అవి రేగి, కింద ఎవరున్నా కుడతాయి. ఆ పక్షి పట్టు దగ్గర తచ్చాడడం చూస్తే ఆ వైపు కిటికీలు, బాల్కనీ తలుపులు మూసేయండి. కింద ఆడుకునే పిల్లల్ని లోపలికి పిలవండి, వాచ్‌మన్‌కు కూడా చెప్పండి. రాళ్లు విసిరి పక్షిని తోలబోతే ఈగలు ఇంకా రేగుతాయి. అది తిని వెళ్లిపోయాక, ఈగలు మళ్లీ పట్టుకు చేరి సద్దుమణిగే దాకా ఎవర్నీ అటు వెళ్లనివ్వకండి.